శిథిలాలూ మన జాలీ

మిస్సోరిలోని హా హా టోంకా కోట దగ్గర సరస్సు వెంబడి నడక సులువే. పిల్లలు కూడా అలిసిపోరు. కన్సాస్ సిటీ వర్తకుడు రాబర్ట్ స్నైడర్ 1905లో ఆ భవనం మొదలుపెట్టి, మరుసటి ఏడే మోటారుకారు ప్రమాదంలో పోయాడు. కొడుకులు పూర్తిచేశారు. 1942లో నిప్పురవ్వలు పడి కాలిపోయింది. మిగిలిన గోడలు చూసి మనం "ఎంత కట్టాడు, ఏం అనుభవించాడు!" అనుకుంటాం. వేదాంతం మనకు పుట్టుకతో వచ్చింది కదా!

కింద మెరిసే నీళ్ళ సంగతి మాత్రం అడగం. 1931లో బాగ్నెల్ ఆనకట్టతో ఏర్పడిన ఓజార్క్స్ సరస్సు అది. పాత లిన్ క్రీక్ ఊరు ఆ నీళ్ళ అడుగునే ఉంది. కాలిన కోటను ప్రభుత్వం 1978లో కొని కాపాడుతోంది. మునిగిన వీధుల్ని చూడబోయేవారు లేరు.

మన శ్రీశైలం జలాశయం కోసం కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. మంచి పనే. చుట్టుపక్కల ఊళ్ళ ఇళ్ళనూ, అరుగులనూ అలా ఎవరూ ఎత్తిపెట్టలేదు. ఆ ఊళ్ళవాళ్ళు మనలోనూ ఉండవచ్చు. తమ పిల్లలకు చూపించడానికి వాళ్ళకు కాలిన గోడైనా లేదు. కంటికి ఏదో ఒకటి మిగిలితేనే జాలిపడే మనం, వాళ్ళను ఏమని పలకరించాలి?