ధ్యాస నిలవకపోవడం నేరమా?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీనగర్ ప్రాంతాల్లో ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులే. చదువు మీద ధ్యాస నిలిపే పిల్లవాణ్ణి మనం మెచ్చుకుంటాం. నిలపలేనివాడికి ‘మొండివాడు’, ‘సోమరి’ అని పేరు పెడతాం. ఇది న్యాయమేనా?

కొందరు పిల్లల్లో దీనికి కారణం ఏడీహెచ్‌డీ. ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించిన సమస్య, పెంపకంలో లోపం కాదు. తలకు ఎలక్ట్రోడ్లు అమర్చి మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష ఈఈజీ. ఇలాంటి పిల్లల్లో కొందరికి బీటా అనే వేగవంతమైన తరంగాలతో పోలిస్తే థీటా అనే నెమ్మది తరంగాలు మామూలుకు మించి ఉన్నట్లు పరిశోధకులు గమనించారు. ఈ నిష్పత్తిని కొలిచే పరికరాన్ని వైద్యుని పరీక్షకు తోడుగా 2013లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. అయితే ఈ తేడా అందరిలో కనిపించదు. వైద్యుని పూర్తి పరీక్షకు ఇది ప్రత్యామ్నాయం కాదని 2016లో ఆ దేశపు నరాల వైద్యుల సంస్థ హెచ్చరించింది.

యంత్రం తరంగాన్ని కొలుస్తుంది, పిల్లవాడు పడే ప్రయాసను కొలవలేదు. పది నిమిషాలు కుదురుగా కూర్చోవడానికి ఒకడు పడే శ్రమ, గంటసేపు కూర్చున్న మరొకడి శ్రమకన్నా ఎక్కువ కావచ్చు. కావాలని చేసినదానికే నింద, చేతకానిదానికి కాదు.

అలాగని వదిలేయమని కాదు. వైద్యునికి చూపించాలి, పాఠాన్ని చిన్న చిన్న భాగాలుగా చెప్పాలి, చేసిన కాస్తకూ మెచ్చుకోవాలి. శక్తికి మించిన భారం మోపని ప్రభువును ఆరాధించే మనం, మన పిల్లలపై అలాంటి భారం మోపవచ్చా? ఆలోచిద్దాం!