మనకు సొంతూరు, పిల్లలకు కొత్త ఊరు

అనుదిన ధ్యానం
చదవండి: మత్తయి 2:19-23, లూకా 2:39-52

జూన్ 12న బడులు తెరుస్తారు. అంతకు ముందు నుంచే గుడివాడ మీదుగా పెదపారుపూడి వైపు సామాను ఆటోలు వస్తుంటాయి. బీరువా, మంచం కోళ్లు, పిల్లల సైకిలు, తాడు కట్టిన పుస్తకాల అట్టపెట్టె. పట్నంలో అద్దెలు కట్టలేక కొందరు, ఊళ్లో పెద్దవాళ్లకు ఒంట్లో బాగోక కొందరు, పొలం చూసుకునే దిక్కు లేక కొందరు తిరిగొస్తారు. పెదపారుపూడి అనగానే అందరికీ గుర్తొచ్చేది ఇక్కడ 1936లో పుట్టి, ఊరు దాటి వెళ్లి, ఈనాడు పత్రికను, ఫిల్మ్ సిటీని నిలబెట్టిన రామోజీరావుగారు. ఊరు విడిచి వెళ్లి ఎదిగినవాళ్ల కథలు మనకు బాగా తెలుసు. తిరిగొచ్చిన ఇళ్ల కోసం ఈ ఉదయం ప్రార్థిద్దాం.

సామాను దించిన సాయంత్రమే నాన్నకు ప్రాణం లేచొస్తుంది. తను ఈత నేర్చుకున్న కాలవ, చిన్నప్పటి స్నేహితులు, వెళ్లి కూర్చునే అరుగు, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. "మన ఊరేరా, ఇంకా బెంగెందుకు?" అంటాడు. పదేళ్ల పిల్లకు అది మన ఊరు కాదు. అది నానమ్మ వాళ్ల ఊరు, సంక్రాంతికి వచ్చి వెళ్లే ఊరు. పండక్కి వచ్చినప్పుడు ముద్దు చేసిన వీధే, ఉండిపోవడానికి వస్తే "వచ్చేశారేం? మీ నాన్న ఉద్యోగం పోయిందా?" అని పిల్లనే నిలదీస్తుంది. మాట్లాడితే యాస వేరని నవ్వుతారు. ఇక్కడి పుస్తకాలు వేరు, పాఠాల వరస వేరు. ఒకే ఇంట్లో నాన్న ఇల్లు చేరాడు, కూతురు ఇల్లు విడిచి వచ్చింది. రెండూ నిజమే.

యోసేపు ఇంట్లోనూ ఇదే జరిగింది. నజరేతు యోసేపు మరియలకు తమ సొంత ఊరని లూకా రాశాడు. గబ్రియేలు దూత మరియకు కనబడింది అక్కడే. యేసు పుట్టింది మాత్రం బేత్లెహేములో. అక్కడి నుంచి రాత్రికి రాత్రి ఐగుప్తుకు పారిపోయారు. హేరోదు చనిపోయాక బయలుదేరి వచ్చి, చివరికి గలిలయలో నజరేతు చేరారు. తల్లిదండ్రులకు అది తిరిగి రావడం. మరియకు ఆ ఊళ్లో దారులన్నీ తెలుసు. ఆ పిల్లవాడికి ఒక్క దారీ తెలియదు. దేవుని కుమారుడు ఒక పల్లెటూరిలో, ఎవరూ ఎరగని కొత్త పిల్లవాడిగా నిలబడ్డాడు. ఈ వచనాల దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. మన ప్రభువు పాపుల బాధను, రోగుల బాధను ఎరిగినవాడని చెప్పుకుంటాం. కొత్తగా వచ్చిన పిల్లవాడి బాధను కూడా ఆయన ఎరిగినవాడే.

యోసేపు భయపడ్డాడని కూడా వాక్యం దాచకుండా చెబుతోంది. యూదయలో తన తండ్రి హేరోదు స్థానంలో అర్కెలాయు ఏలుతున్నాడని విని, అక్కడికి వెళ్లడానికి జంకాడు. అలా జంకినవాడికే కలలో దారి దొరికింది. ఇల్లు మారిన తల్లిదండ్రులు పిల్లల ముందు ధైర్యం నటిస్తుంటారు. నటించనక్కర్లేదు. రాత్రి కుటుంబ ప్రార్థనలో "ప్రభువా, మాకూ భయంగానే ఉంది" అని పిల్లలు వినేలా చెప్పండి. నాన్నకు కూడా భయమేస్తుందని తెలిస్తే బిడ్డ తన భయం బయటపెడుతుంది.

నజరేతులో ఆ మొదటి రోజులెలా గడిచాయో సువార్తలో లేదు. పిల్లవాడు ఎదిగాడు, దేవుని దయ ఆయన మీద ఉంది అని లూకా ఒక్క వాక్యంలో చెప్పి, నేరుగా పన్నెండేళ్ల వయసుకు వెళ్లిపోతాడు. ఆ ఒక్క వాక్యంలో ఏళ్లకు ఏళ్లు ఉన్నాయి. మనం మాత్రం బడికి వెళ్లిన రెండోరోజే "ఫ్రెండ్స్ అయ్యారా?" అని అడుగుతాం. మూడోరోజూ లేరంటే కంగారు పడిపోతాం. అంత తొందర వద్దు.

ఈ రోజుల్లో బడి మారితే, ప్రభుత్వం బడి పిల్లల వివరాలుంచే యూడైస్‌లో బిడ్డ పేరును పాత బడివాళ్లు వదలాలి, కొత్త బడివాళ్లు చేర్చుకోవాలి. ఆ మధ్యలో పేరు డ్రాప్ బాక్స్ అనే చోట ఉంటుంది, ఏ బడికీ చెందకుండా. టీసీ కోసం తిరుగుతున్న అమ్మలారా, చట్టం మీ వైపే ఉంది. ప్రాథమిక విద్య పూర్తికాని పిల్లలు ఏ బడి నుంచైనా మరో ప్రభుత్వ లేదా ఎయిడెడ్ బడికి మారితే ప్రధానోపాధ్యాయులు టీసీ వెంటనే ఇవ్వాలని, అది ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. అడగడానికి మొహమాటపడకండి. ఇక పేరు ఎక్కడా లేని ఆ నాలుగు రోజుల సంగతి: సీయోనును నా అరచేతుల మీద చెక్కుకున్నానని యెషయా నోట (49:16) దేవుడు పలికింది, నన్ను మరిచిపోయాడని ఏడుస్తున్న నగరంతో. మీ బిడ్డ పేరు ఆయనకు తెలుసు.

కొత్త బడిలో అన్నిటికంటే కష్టమైనది లెక్కల పీరియడు అనుకుంటాం. పిల్లల్ని అడిగి చూడండి, మధ్యాహ్న భోజనం అంటారు. పళ్లెం పట్టుకుని ఎవరి పక్కన కూర్చోవాలి? మన రాష్ట్రంలో బడి భోజనానికి ఇప్పుడు డొక్కా సీతమ్మగారి పేరుంది. గోదావరి పాయల నడుమ లంకల గన్నవరంలో, ఏవేళ వచ్చినా, ఎవరొచ్చినా, ముఖపరిచయం లేని బాటసారులకు అన్నం పెట్టిన తల్లి ఆమె. ఆ పేరుతో వడ్డించే వరసలో కొత్త పిల్ల ఒంటరిగా కూర్చోకూడదు. పక్కన జరిగి చోటివ్వడానికి పెద్ద మనసేమీ అక్కర్లేదు, ఒక జానెడు జాగా చాలు. దేవుడు పరదేశిని ప్రేమించి అన్నవస్త్రాలు ఇస్తాడని, కాబట్టి మీరూ పరదేశిని ప్రేమించాలని ద్వితీయోపదేశకాండం 10వ అధ్యాయం ఆజ్ఞాపిస్తోంది. మన పిల్లలకు ఆ ఆజ్ఞ పాటించే మొదటి చోటు ఆ భోజనాల వరసే.

ఇంకొక్క మాట. కొత్తవాడిగా వచ్చిన ఆ ఊరి పేరే యేసుకు చివరిదాకా నిలిచింది. ఎక్కడికి వెళ్లినా ఆయన నజరేయుడే. సిలువ మీద పిలాతు పెట్టించిన పలకలోనూ ఆ ఊరి పేరుంది. మనవైపు ఊళ్లే ఇంటిపేర్లవుతాయి. గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన గాయకుణ్ణి లోకమంతా ఘంటసాల అనే ఊరి పేరుతోనే పిలిచింది. ఇవాళ "ఇది మా ఊరు కాదు" అని తలుపు చాటున ఏడ్చే పిల్ల, ఏదో ఒకరోజు ఎవరో అడిగితే "మాది పెదపారుపూడి" అని చెప్పవచ్చు. చెప్పమని బలవంతపెట్టకండి. దానంతట అది రానివ్వండి.

ప్రార్థన: ప్రభువా, చిన్నతనంలో ఊళ్లు మారినవాడా, ఈ జూన్‌లో ఇల్లు మారిన ప్రతి బిడ్డతో బడి గేటు దాకా నడువుము. తల్లిదండ్రులకు ఓర్పును, ఉపాధ్యాయులకు చూసే కళ్లను ఇమ్ము. మా వీధిలో కొత్తవారి తలుపు తట్టే మనసు మాకు దయచేయుము. ఆమేన్.

పాత ఊరివాళ్లారా, ఈ పని మీది కూడా. ఈ వారం మీ వీధిలోకి వచ్చిన కుటుంబం ఏదో కనుక్కోండి. ఎందుకొచ్చారని అడగకండి. పిల్లల పేర్లు అడగండి. రేపు ఉదయం మీ పిల్లలతో కలిసి బడికి రమ్మనండి.