తలుపు తట్టుటకు వెల ఎంత?

గోపురము కట్టగోరినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయములో బోధించెను. ఈ మాటను మనము శిష్యత్వమునుగూర్చి తరచుగా విందుము. పిల్లలను కాలేజీకి పంపదలచిన మన నారాయణపేట తలిదండ్రులకు అది ఇంటి లెక్కగా కూడ వినబడును. కాలేజీ ఫీజు గోపురమువలె అందరికిని కనబడును. కాని పునాది త్రవ్వకముందే అయిపోవు ఖర్చొకటి కలదు. అది దరఖాస్తు ఖర్చు.

లెక్క చూతము. 2025లో తెలంగాణ ఎప్‌సెట్ పరీక్షకు దరఖాస్తు రుసుము 900 రూపాయలు. షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని 500. ఇంజనీరింగు, వ్యవసాయ విభాగములు రెండును వ్రాయువారికి అంతకు రెట్టింపు. ఏప్రిల్ 4 దాటినవారికి ఆలస్యపు రుసుము మొదట 250, పిమ్మట 500, ఆ పిమ్మట 2,500, కడకు 5,000. ఇదిగాక ఫోటోలు, జిరాక్సులు, నెట్ సెంటరువాని కూలి, పరీక్ష ఊరికి బస్సు చార్జీలు. ఫీజు రీయింబర్సుమెంటు కలదు గదా యందురేమో. అది కాలేజీలో చేరిన పిమ్మటి మాట; తలుపు తట్టువానికి కాదు.

ఇందులో ఆలోచింపదగిన సంగతి యొకటి కలదు. ముందుగా తెలిసినవాడు 900 రూపాయలతో లోపలికి పోవును. కడపట తెలిసినవాడు అదే పరీక్షకు 5,900 చెల్లించును. గడువు లేనిదే ఏ కార్యాలయమును నడువదు, నిజమే. అయితే కడపట తెలియునది ఎవరికి? ఉద్యోగస్థుని కుమారునికి కాదు. మగ్గముమీద చీర నేయువాని కుమార్తెకు, ముంబైకో పూణేకో కూలికి పోయినవాని కుమారునికి. ఆలస్యపు రుసుము సోమరితనమునకు వేసిన జరిమానా యని మనమనుకొందుము. తరచుగా అది తెలియకపోవుటకు వేసిన పన్ను.

ఈ ఖర్చు తగ్గించుకొను మార్గములు మూడు మన యెదుట నున్నవి.

మొదటిది, తలుపు తట్టకుండుట. తండ్రి చేతిలో డబ్బు లేదని యెరిగిన బిడ్డ, "నాకు చదువు మీద మనసు లేదు నాయనా" అనును. ఇంటిలో అందరును నమ్ముదురు. ఖర్చు తగ్గినది, కాని దానిని ఆ బిడ్డ జీవితకాలమంతయు చెల్లించును. లెక్క చూచుకొనుమని ప్రభువు చెప్పినది గోపురమును విడిచిపెట్టుటకు కాదు, దానిని ముగించుటకు.

రెండవది, అబద్ధముతో తట్టుట. ఇది చెప్పుటకు మాకు కష్టముగా నున్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వునుబట్టి హిందువులును, 1956నుండి సిక్కులును, 1990నుండి బౌద్ధులును మాత్రమే షెడ్యూల్డు కులములలో ఎంచబడుదురు. ఆ కులములనుండి క్రైస్తవులైనవారు మన రాష్ట్రములో బి.సి. - సి వర్గమువారు. కనుక వారికి రుసుము 500 కాదు, 900. ఈ భేదము న్యాయమా యని అడుగుట తప్పు కాదు. ఆ ప్రశ్న సుప్రీంకోర్టు ఎదుటికిని వెళ్లినది. కాని 400 రూపాయల కొరకు ఆదివారము ఒక మాట, దరఖాస్తులో ఒక మాట చెప్పుమని పిల్లవానికి నేర్పినయెడల, కాలేజీ నేర్పకముందే మనము అబద్ధము నేర్పినవారమగుదుము. అయినను అట్లు వ్రాసినవానిని వేలెత్తి చూపుటకు మేము తొందరపడము. ఆ 400 లేని నాడు అతని ఇంటికి మనలో ఎవరు వెళ్లితిమి?

మూడవది, ముందుగాను, కలిసికట్టుగాను తట్టుట. తలుపు వెల తగ్గింపవచ్చునని మనము చూచియే యున్నాము. డిగ్రీ ప్రవేశములకు 2016లో దోస్త్ విధానము వచ్చెను. ఉస్మానియా, పాలమూరు మొదలగు విశ్వవిద్యాలయముల క్రిందనున్న అనేక కాలేజీలకు ఒక్క దరఖాస్తు చాలును. 2024లో మొదటి విడత రుసుము 200 రూపాయలు. తరువాతి విడతలకు నిలిచినవారికి 400. ఇక్కడను ముందు వచ్చినవానికే మేలు. బాసర ట్రిపుల్ ఐటీలోనైతే పదవ తరగతి మార్కులనుబట్టియే సీట్లిత్తురు. వేరు ప్రవేశపరీక్షకు తిరుగు ఖర్చు లేదు.

కనుక సంఘముగా మనము చేయదగినవి చిన్నవే. ఇంటర్ పరీక్షలకు ముందే గడువు తేదీలను గుడి ద్వారమునొద్ద పెద్ద అక్షరములతో వ్రాసిపెట్టుదము. కుల, ఆదాయ పత్రములను మీసేవలో ముందే తీసికొనుమని ఇంటింట చెప్పుదము. ఆధార్‌తో కలిపిన ఫోను తండ్రితోకూడ పూణేలో నున్నయెడల, ఆ చిక్కును ఇప్పుడే విప్పుదము. ఎం.పి.సి. చదివిన బిడ్డ వ్యవసాయ విభాగమునకుకూడ ఊరక డబ్బు కట్టకుండ చూతము. కాలేజీ చదివిన మన యౌవనులు ఆరాధన పిమ్మట ఒక గంట కూర్చుండి తమ్ముళ్లకును చెల్లెండ్రకును దరఖాస్తులు నింపిపెట్టుదురు గాక. అప్పటికిని చాలనివారికి, పేరు చదువక, కానుకల పుస్తకమున కెక్కింపక, చేబదులుగా ఇత్తము. సంపాదించిన నాడు వారు మరియొక బిడ్డకు తీర్చుదురు.

గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో అపొస్తలుడు ఒకరి భారములు ఒకరు మోయవలెనని 2వ వచనములో చెప్పి, ఎవని బరువు వాడే మోసికొనవలెనని 5వ వచనములో చెప్పుచున్నాడు. ఇవి ఒకదానికొకటి విరోధములు కావు. చదువుట ఆ బిడ్డ బరువు. దానిని మనము మోయలేము, మోయరాదు. కాని తలుపువరకు నడిపించుట మన భారము. తలుపు దాటి లోపలికి పోయినవారమందరము ఆ దారి తెలియనివారికి అచ్చియున్నాము.