ఏ గల్లీలో ఉంటావని అడిగినప్పుడు

ధ్యానభాగములు: 2 రాజులు 5:1–4, అపొస్తలుల కార్యములు 4:13–31



మన పిల్లలు కాలేజీలోనో, క్రొత్త ఉద్యోగములోనో చేరిన మొదటి వారములోనే వారికి ఒక ప్రశ్న ఎదురగును. "ఎక్కడ ఉంటావు?" మనవాడు "గ్రాంట్ రోడ్ స్టేషను దగ్గర" అని చెప్పి మాట మార్చును. ఫాక్‌లాండ్ రోడ్ అనడు. కామాఠీపుర అని అసలే అనడు. ఆ రోడ్డుకు పఠ్ఠే బాపూరావు మార్గ్ అని పేరు మార్చి చాలా కాలమైనది. అయినా పాత పేరు పోలేదు, ఆ పేరు వినగానే ఎదుటివారి ముఖములో కనబడే నవ్వూ పోలేదు. ఆ నవ్వు చూడలేకనే పిల్లలు స్టేషను పేరు చెప్పుదురు. దానికి వారిని తప్పుపట్టను. కానీ చిక్కు అక్కడితో ఆగదు. గల్లీ పేరు దాచినవానికి రేపు భాష దాచవలసివచ్చును, ఎల్లుండి ఆదివారము ఎక్కడికి వెళ్లునో అదీ దాచవలసివచ్చును. చివరకు యేసు ప్రభువు కూడా ఆ దాచిన మూటలోనే ఉండిపోవును.

అందుచేత మొదట ఈ చిరునామా సంగతి తేల్చుకొందము. కామాఠీపురకు ఆ పేరు వచ్చినది మన వారి వలననే. పద్దెనిమిదవ శతాబ్దము చివరినుండి నిజాం సీమనుండి వచ్చి, ఇక్కడ పునాదులు త్రవ్వి, రాళ్లు మోసి, ఈ నగరమును కట్టిన తెలుగు కూలీలను కామాఠీలన్నారు. తరువాత మిల్లులలో మగ్గము పట్టినవారు, గోదీలలో మూటలెత్తినవారు వచ్చిరి. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వమున మిల్లుల సమ్మె మొదలైన తరువాత మన చాళ్లలో ఎన్ని పొయ్యిలు వెలుగలేదో పెద్దలకు జ్ఞాపకమున్నది. ఇది సిగ్గుపడవలసిన చరిత్ర కాదు. కష్టము చేసి బ్రదికిన చరిత్ర.

ఇప్పుడు రాజుల రెండవ గ్రంథము అయిదవ అధ్యాయము చూడండి. నయమాను సిరియా సేనాపతి, గొప్పవాడు, కాని కుష్ఠరోగి. అతని యింటిలో ఇశ్రాయేలు దేశమునుండి చెరపట్టి తెచ్చిన ఒక చిన్నది ఉన్నది. ఆమె పేరు గ్రంథములో లేదు. తల్లిదండ్రులేమైరో తెలియదు. ఆమె తానై వలస రాలేదు, బలవంతముగా తేబడినది. అట్టి పిల్ల తన యజమానురాలితో, షోమ్రోనులోని ప్రవక్తయొద్దకు దొరగారు వెళ్లినయెడల బాగుండును, ఆయన రోగము పోవును అని చెప్పినది. అంతే. తరువాత ఆ అధ్యాయములో రాజులు మాటలాడుదురు, ప్రవక్త మాటలాడును, రథములు గుఱ్ఱములు కదలును. వీటన్నిటికీ మొదలు వంటింటిలో ఆ చిన్నది అన్న ఒక్క మాట.

ఆమె ఏమి చెప్పలేదో కూడా గమనించండి. మీ రిమ్మోను దేవుడు పనికిరాడని అనలేదు. నన్ను చెరపట్టినందుకే నీకీ రోగము వచ్చినదని అనలేదు. అని ఉంటే మనమెవరమూ తప్పుపట్టము. తనను ఇల్లు బాపినవాని రోగము పోవాలని కోరినది. తనకు తెలిసినంత చెప్పినది, తెలియనిది చెప్పలేదు. వాదించలేదు. ఆ మాట వృథాయై నయమాను అలాగే తిరిగివచ్చి ఉంటే దెబ్బలు పడేది ఎవరికో ఆమెకు తెలియదా? తెలిసియే చెప్పినది. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ధైర్యమంటే మైకు పట్టుకొని గట్టిగా అరచుట అని కొందరు అనుకొనుచున్నారు. ఈ పిల్ల గొంతు ప్రక్క గదిలోనికి కూడా వినబడి ఉండదు.

మరొక చిన్నదాసి సంగతి సువార్తలలో ఉన్నది. ప్రధానయాజకుని ముంగిట చలిమంట దగ్గర పేతురు కూర్చుండగా, నీవును ఆయనతో ఉన్నవాడవే గదా అని ఆమె అడిగెను. పేతురు బొంకెను. అక్కడ నిలిచినవారు అతనిని దేనివలన గుర్తుపట్టిరి? మత్తయి 26:73 చదవండి. అతని యాసవలన. గలిలయ పల్లెవాని పలుకు యెరూషలేము పట్టణములో దాగలేదు. మన హిందీలో తెలుగు యాస విని 'మద్రాసీ' అని వెక్కిరించినవారు మనలో ఎవరికి ఎదురుపడలేదు? పేతురు భయము మనకు తెలియని భయము కాదు. ఒక దాసిపిల్ల మాటలాడినందున సేనాపతి బాగుపడెను. మరొక దాసిపిల్ల అడిగినందుకు అపొస్తలుడు వణకెను.

అదే పేతురు కొద్ది వారములకే అదే పట్టణములో, అదే యాసతో, మహాసభ యెదుట నిలిచెను. సభవారు చూచినది అతని చదువును కాదు, చదువు లేదని వారికి తెలుసు. వీరు యేసుతో ఉన్నవారని గుర్తెరిగిరి. ఇకమీదట ఆ నామమున మాటలాడవద్దని బెదరించి పంపిరి. విడుదల పొంది వచ్చి సంఘము చేసిన ప్రార్థన ఇరువది తొమ్మిదవ వచనములో ఉన్నది. మనమైతే ఏమని ప్రార్థింతుము? ప్రభువా, ఈ బెదరింపులు తొలగించుము అని. వారు అట్లు అడుగలేదు. బెదరింపులను చూడుమని దేవునికి చెప్పి, మాకు మాత్రము ధైర్యము ఇమ్మని అడిగిరి. మన ప్రార్థన కూడికలలో ఈ తేడా గురించి తీరికగా మాటలాడుకోవలసియున్నది.

ఇక మన తెలుగు బాప్తిస్టుల సంగతి. యెర్రగుంట్ల పేరయ్య గారు తోళ్ల వ్యాపారము చేసికొనిన మనిషి, మాదిగ కులస్థుడు. 1866లో బాప్తిస్మము పొంది తాళ్లకొండపాడు తిరిగివెళ్లి తన వారితో మాటలాడిరి. మిషనరీ దొర పల్లెకు రాకమునుపే పేరయ్య గారి మాట పల్లెలో తిరిగినది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. వీరికి వచ్చిన వ్యతిరేకత ఎట్టిది? పండుగకు డప్పు కొట్టమంటే మేము కొట్టము అన్నారు. చచ్చిన పశువును తినుట మానివేసిరి. ఆదివారము పనికి రాము అన్నారు. ఊరి కరణము, మునసబు ఊరకుందురా? నీళ్లు కట్టుబడినవి, పని పోయినది, దెబ్బలు పడినవి. కడుపు చేతపట్టుకొన్న ఆ బీదలు కాదని చెప్పగలిగిరి. ఈ ఒక్క సంగతి చదివి మన కుఱ్ఱవాళ్లు కాసేపు ఆలోచించవలెనని నా కోరిక.

తరువాత 1876–78 కరువు. క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని కంట్రాక్టు తీసికొని కరువు కూలీలకు పని చూపించిరి. మన బోధకులే మేస్త్రీలై, పగలు మట్టి తవ్వించి, విశ్రాంతి వేళ సువార్త చెప్పిరి. బాప్తిస్మము కావాలని జనము గుంపులుగా వచ్చిరి. అయితే దొరగారు పదునైదు నెలలు ఎవరికీ బాప్తిస్మము ఇయ్యలేదు. గింజల కొరకు వచ్చిరన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. సహాయము పంచుట ఆగిన తరువాతనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో వెల్లంపల్లి దగ్గర 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. ఇద్దరిద్దరు చొప్పున నీటిలో దిగి ఆ పని చేసినవారు ఆరుగురు తెలుగు బోధకులు. బియ్యము కొరకు మతము మారిన జాతి మీరు అని ఎవరైనా కాలేజీలో అన్నప్పుడు, కోపము తెచ్చుకొనక, ఆ పదునైదు నెలల సంగతి చెప్పండి. చాలామందికి ఇది తెలియదు. మన ఇండ్లలోనే ఎందరికి తెలుసు?

వలస వెళ్లినవారికి మరొక మాదిరి కూడా ఉన్నది. దక్షిణాఫ్రికాలోని నాటాలుకు చెరకు, తేయాకు తోటల కూలీలుగా వెళ్లిన తెలుగు వారియొద్దకు జాన్ రంగయ్య గారు 1903లో వెళ్లిరి. ఆయనను పంపినది అమెరికా మిషను కాదు. తెలుగు బాప్తిస్టులు తామే కూర్చుకొన్న హోం మిషనరీ సొసైటీ. ఆ యేడే కియర్స్‌నీలో తెలుగు సంఘము ఏర్పడినది. అంటే ఓడలెక్కి పోయిన కూలీలను మన వారు మరచిపోలేదు. ఫాక్‌లాండ్ రోడ్ వారు మాత్రము ఎవరి కొరకు కనిపెట్టుకొని కూర్చున్నారు?

ఈ కాలపు వ్యతిరేకత విషయమై సూటిగా మాటలాడవలెను. మన రాజ్యాంగము 25వ అధికరణము మతమును అవలంబించుటకు, ఆచరించుటకు, ప్రచారము చేయుటకు హక్కు ఇచ్చినది. ప్రజాశాంతికి, నీతికి, ఆరోగ్యమునకు లోబడి అని కూడా వ్రాసినది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారము చేసే హక్కు ఉన్నది గాని మరొకని మతము మార్చే హక్కు లేదు అని తీర్పు చెప్పెను. కొందరు విశ్వాసులు ఈ తీర్పు విని దిగులుపడుదురు. నాకైతే దిగులు లేదు. మనిషి మనసు మార్చుట మన చేతిలో ఎన్నడు ఉన్నది? నయమాను యింటి చిన్నది అతనిని యొర్దానులో ముంచలేదు. చెప్పుట మన వంతు. ఆశ చూపుట, భయపెట్టుట, స్వస్థత పేరిట మోసగించుట చట్టము ఒప్పుకొన్నను మన ప్రభువు ఒప్పుకొనడు.

చాలులో వినాయక చవితికి చందా అడుగుదురు, పోచమ్మకు బోనము తీయుదురు. ఏమి చేయవలెను? మర్యాదగా, నవ్వుముఖముతో కాదని చెప్పండి. అయితే వెనుక చేరి ఎగతాళి చేయవద్దు. ఎఫెసులో అల్లరి జరిగినప్పుడు, పౌలు తోటివారు మన దేవతను దూషించలేదని ఆ ఊరి కరణమే సాక్ష్యమిచ్చెను (అపొ. కార్య. 19:37). మన గల్లీలో మన గూర్చి ప్రక్కింటివారు అట్టి సాక్ష్యమిత్తురా? పండుగ నాడు రాకపోయినవాడు, అదే యింటిలో ముసలాయనకు రాత్రి ఊపిరాడనప్పుడు స్ట్రెచరు పట్టుకొని మెట్లు దిగితే, కాదన్న మాటలోని చేదు పోవును.

సర్టిఫికెట్ల సంగతి చెప్పకుండ దాటిపోతే ఈ ప్రసంగము నిజము కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే ఇచ్చినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవులకు నేటికిని లేదు. యేసును ఒప్పుకొన్నందుకు కులపు అవమానము పోలేదు, సీటు మాత్రము పోవును. ఇది అన్యాయమని సంఘపెద్దలు ప్రభుత్వము యెదుట చెప్పుచునే ఉండవలెను. కాని పదునెనిమిదేండ్ల పిల్లవాడు కాగితము మీద ఒక పేరుతో, క్వయరులో మరొక పేరుతో బ్రదుకుచుండగా, "ధైర్యముగా సాక్ష్యమియ్యి" అని వేదికమీదనుండి వానికి చెప్పుట సులువు. ఆ రెండు పేర్లు వానికి నేర్పినది ఎవరు? ఇంటి పెద్దలే గదా. నిజము చెప్పి సీటు పోగొట్టుకొన్న బిడ్డ ఫీజు సంఘము కట్టునా? కట్టుదుము అని చెప్పగలిగిన సంఘమునకే ఆ బిడ్డను ధైర్యముగా ఉండమనే అధికారము ఉన్నది. పెంతెకొస్తు తరువాతి యెరూషలేము సంఘములో ధైర్యముతోబాటు ఉమ్మడి సంచి కూడా ఉన్నది. అపొస్తలుల కార్యములు నాలుగవ అధ్యాయము 31వ వచనముతో ఆపక 35వ వచనము వరకు చదవండి.

చివరిగా మన వాకిటి సంగతి. ఫాక్‌లాండ్ రోడ్ మీద, కామాఠీపుర గల్లీలలో బేరమునకు నిలువబెట్టబడిన స్త్రీలను మనము తల దించుకొని దాటిపోవుచున్నాము. వారి సంఖ్య మునుపటికన్న తగ్గినది, పాత ఇండ్లు కూలుచున్నవి, అయినా వారు ఉన్నారు. వారిలో మన భాష మాటలాడేవారున్నారు. జోగినులుగా దేవతకు అంకితము చేయబడి ఇక్కడికి చేర్చబడినవారున్నారు. ఆ ఆచారమును నిషేధించుచు ఆంధ్రప్రదేశ్‌లో 1988లోనే చట్టము వచ్చినది. ఎందరో చిన్నతనముననే తేబడినవారు. సిరియా దేశములో చెరపట్టబడిన చిన్నదాని గూర్చి ప్రసంగము విని కన్నీరు కార్చి, మెట్లు దిగగానే ఆమెనే చూచి ముఖము త్రిప్పుకొనుట మనకు అలవాటైనది. సుంకరులును వేశ్యలును మీకంటె ముందు వెళ్లుచున్నారని ప్రభువు భక్తిపరులతోనే అన్నాడు (మత్తయి 21:31).

యౌవనస్థులారా, మీరు ఒంటరిగా ఆ గడపలెక్కవద్దు. స్త్రీల సమాజపు తల్లులు ముందు నడువగా వెంట వెళ్లండి. మొదట వారి పిల్లలను ఆదివారపు బడికి పిలవండి. అక్కడ మీకు ఎదురయ్యే వ్యతిరేకత బయటివారినుండి రాదు. మన బల్లలమీదనుండే వచ్చును: "ఆ పిల్లల ప్రక్కన మా పిల్లలా?" అని. చందా అడిగినవాని యెదుట నిలుచుటకన్న, మీకు అక్షరాలు నేర్పిన మామయ్య యెదుట, అత్తయ్య యెదుట నిలుచుట కష్టము. గౌరవముగా, ఎదురుమాటలాడక, పిల్లను చేయిపట్టుకొని ముందు బల్లమీద కూర్చుండబెట్టండి. ఆదివారపు బడి ఉపాధ్యాయులారా, హాజరు పట్టీలో తండ్రి పేరు అడిగే గడి ఉంటే దానిని ఖాళీగా వదలి, ఆ బిడ్డ పేరు వ్రాసికొనండి.