గురువునకు హృదయము కావలెనా?

విద్య నేర్పువానికి పాండిత్యమున్న చాలునా, హృదయము కూడ కావలెనా? కావలెనన్నచో తన మనస్సులోని సమస్తమును పిల్లల యెదుట వెళ్ళబోసికొనుట ధర్మమా? లేని ప్రేమను ఉన్నట్లు నటించినను సరిపోవునా?

ఈ ప్రశ్నలకు గుజరాతునందలి యొక ఉపాధ్యాయుని జీవితమున సమాధానము కలదు. గిజుభాయి బధేకా (1885–1939) మొదట న్యాయవాది. తన కుమారుని చదువును గూర్చి యోచింపసాగి, మాంటిస్సోరి పద్ధతిచే ఆకర్షితుడై, 1916లో భావనగరమునందలి దక్షిణామూర్తి సంస్థలో చేరెను. 1920లో అచట బాలమందిరము వెలసినది. బెత్తమునకు చోటులేని ఆ బడిలో పిల్లలు కథలతో, ఆటలతో నేర్చుకొనిరి. జనులు ఆయనను 'మీసాల తల్లి' యని పిలిచిరి.

ఆయన రచించిన 'దివాస్వప్న' గ్రంథమున లక్ష్మీరామ్ అను కల్పిత ఉపాధ్యాయుడు నాలుగవ తరగతికి పాఠము చెప్పబూనును. మొదటి దినమున మౌనపు ఆట ఆడింపబోగా పిల్లలు గోల చేయుదురు. అతడు వారిని దండింపడు. ఇండ్లకు పంపివేసి, లోపము తన పద్ధతిలోనే యున్నదని గ్రహించి, మరునాడు కథతో వచ్చును. తన ఓటమిని తానొప్పుకొనుటయే అతని తొలి విజయము.

అంగడిలో కూర్చుండు వారికిది క్రొత్త సంగతి కాదు. బేరము కొరకు నవ్విన నవ్వును కొనువాడు ఇట్టే పసికట్టును. మరల ఆ గడప త్రొక్కడు. పిల్లవానికి మరియొక దుకాణమునకు పోవు స్వేచ్ఛ లేదు. అతడు బల్లమీదనే కూర్చుండి, మనస్సునకు తలుపు వేసికొనును.

అయితే నిగ్రహము వేరు, నటన వేరు. ఇంటి దుఃఖమును దిగమ్రింగి పాఠము చెప్పు ఉపాధ్యాయిని అసత్యమాడుట లేదు. పిల్లల మేలునకై తన్ను తాను అదుపులో నుంచుకొనుచున్నది. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పువాడు మాత్రము తన గౌరవమునకై నటించుచున్నాడు. పాఠముతోపాటు ఆ నటనను కూడ పిల్లలు నేర్తురు. "ఇది నాకు తెలియదు, రేపు చూచి చెప్పెదను" అను గురువు వద్ద వారు సత్యమును నేర్తురు. ఎవరి మేలునకై దాచుచున్నాము అనునదే ఇచట గీటురాయి.

ఈ బాధ్యత బడికి మాత్రమే చెందినది కాదు. మార్కుల పట్టిక తప్ప మరేమియు అడుగని తల్లిదండ్రులు ఉపాధ్యాయుని హృదయమును తామే అనవసరము చేయుచున్నారు. ఇంట ఏది విలువగలదో బడిలో అదియే దొరకును.