మేజోళ్ళు, చెప్పులు, మర్యాద

బళ్ళారి యెండలకు పేరుపడినదే గాని, పుష్యమాసపు వేకువగాలి వృద్ధుల పాదములను బాధింపక మానదు. అట్టివారు మేజోళ్ళపై వ్రేళ్ళు కనబడు చెప్పులు తొడిగి సభలకు వచ్చుట కలదు. ఇది మర్యాదయా యని మనలో కొందఱు ప్రశ్నింతురు.

మేజోళ్ళు బూటునకే తగునని, చెప్పులు ఉత్త పాదములకే తగునని వారి వాదము. వేషమునకొక పొందిక యుండవలె ననుట నిజమే. కాని పొందిక యెందులకు? చూచువారి కంటికి ఇంపు కూర్చుటకు. ఆ యింపుకంటె చలికి పగిలిన మడమ బాధ పెద్దది. మధుమేహమున స్పర్శ తగ్గిన పాదమునకు ఆ పగులే పుండు కావచ్చును.

ఒక సంక్రాంతి సభలో అట్టి పెద్దనొకరిని చూచి మేము నవ్వితిమి. మఱల ఆయన సభకు రాలేదు. లోపము ఆయన వేషమున లేదు. మా చూపులో నున్నది.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమున చేరగా, బళ్ళారి మైసూరున చేరినది. అంతకు ముందును, నేటికిని ఇంట తెలుగు, వీథిని కన్నడము మనకు వాడుక. రెండు భాషల పొత్తునకు సిగ్గుపడని మనము మేజోళ్ళకును చెప్పులకును కుదిరిన పొత్తును చూచి నవ్వుట న్యాయమా? చెప్పులు గడపకడ విడిచి, మేజోళ్ళతోనే లోనికి దయచేయుడని పెద్దలను పిలుచుటయే మన మర్యాద.