లోపం లేదనే జ్ఞానం: సౌర విద్యుత్ కేంద్రాల తనిఖీ, న్యాయదర్శనంలో అభావ విచారం

వందలాది ఎకరాల్లో పరచిన సౌర విద్యుత్ కేంద్రాన్ని గ్రిడ్‌కు కలపడానికి ముందు జరిగే తనిఖీలు ఎన్ని రకాలైనా, చివరకు సంతకం పడేది ఒకే తీరు వాక్యం కింద: ఈ కేంద్రంలో చెప్పుకోదగిన లోపం లేదు. ఎన్ని ప్యానెళ్ళు బిగించారో, ఎన్ని ఇన్వర్టర్లు నిలబెట్టారో, ఎంత పొడవున కేబుల్ వేశారో చెప్పడానికి కన్ను, కాగితం చాలు. లోపం లేదని చెప్పేటప్పుడు మాత్రం కంటికి గాని పరికరానికి గాని తగిలే వస్తువు ఎదుట ఏదీ ఉండదు. ఉన్నదాన్ని చూసి ఉన్నదనవచ్చు. లేనిదాన్ని దేన్ని చూసి లేదంటారు? ఈ ప్రశ్నను భారతీయ దార్శనికులు అభావం అనే పేరుతో, అంటే ఒక వస్తువు ఒకచోట లేకపోవడం అనే విషయంగా, వెయ్యేళ్ళకు పైగా వాదించారు. ఆ వాదాన్ని ఈనాటి తనిఖీదారు పనితో కలిపి చదివితే, 'లోపం కనబడలేదు' అన్న మాటకూ 'లోపం లేదు' అన్న మాటకూ నడుమ ఉన్న దూరాన్ని గుర్తెరిగి నడుచుకోవడమే ఆ వృత్తి ధర్మమని తేలుతుంది.

ఈ విచారానికి కోల్‌కతా తగిన చోటు. మహానగరంలో పెద్ద సౌర కేంద్రానికి చాలినంత భూమి లేకపోయినా, భారతీయ సౌర విద్యుత్ చరిత్రలో తొలి అడుగులు కొన్ని ఆ నగరం నుంచే పడ్డాయి: 1990లలో శాంతిపద గణ్ చౌధురి వంటి ఇంజనీర్ల చొరవతో సుందర్‌బన్స్‌లోని సాగర్ ద్వీపంలో గ్రామాలకు చిన్న సౌర కేంద్రాలు వచ్చాయి, 2009లో ఆసన్‌సోల్ దగ్గర జామురియాలో దేశంలోనే మెగావాట్ స్థాయిలో గ్రిడ్‌కు కలిసిన తొలి కేంద్రం వెలసింది. అలీపూర్‌లో 1912 నుంచి ఉన్న నేషనల్ టెస్ట్ హౌస్ వస్తువుల నాణ్యతను పరీక్షించడమే పనిగా పెట్టుకున్న సంస్థ. మరోవైపు, మిథిలలో గంగేశోపాధ్యాయుడు తత్త్వచింతామణితో స్థిరపరచిన నవ్యన్యాయం, అంటే న్యాయదర్శనపు కొత్త శాఖ, నవద్వీపంలో రఘునాథ శిరోమణి చేతిలో పదునెక్కి, కాలక్రమాన 1824లో నెలకొన్న కలకత్తా సంస్కృత కళాశాలలో పాఠమైంది. ఆ కళాశాలలో బోధించిన బిమల్ కృష్ణ మతిలాల్ 1968లో వెలువరించిన గ్రంథానికి విషయం నవ్యన్యాయంలోని నిషేధ సిద్ధాంతమే. లేమిని గురించి ఇంత నిశితంగా ఆలోచించిన సంప్రదాయమూ, లోపం లేదని ధ్రువీకరించే వృత్తీ ఒకే నగరంలో ఒకదానికొకటి తెలియకుండా ఇరుగుపొరుగుగా బతికాయి.

సంప్రదాయంలో దీనికి చెప్పే ఉదాహరణ నేల మీద కుండ లేకపోవడం. ప్రాభాకర మీమాంసకులు అభావమనే వేరే పదార్థమేదీ లేదని, ఒట్టి నేల కనబడడమే కుండ లేదని తెలియడమని అన్నారు. కుమారిలభట్టు అనుయాయులు అభావం నిజమైన విషయమేనని, దాన్ని తెలుసుకోవడానికి అనుపలబ్ధి, అంటే కనబడకపోవడం, ప్రత్యేక ప్రమాణమని ఒప్పుకున్నారు. అద్వైతులూ ఈ ప్రమాణాన్ని స్వీకరించారు. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు అభావాన్ని పదార్థంగా అంగీకరించి, అది ప్రత్యక్షంగానే తెలుస్తుందని, కనబడకపోవడం దానికి సహకారి మాత్రమేనని వాదించారు. తెలుగువాడైన అన్నంభట్టు పదిహేడవ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహం మొదట్లోనే అభావాన్ని ఏడవ పదార్థంగా చేర్చి చెప్తుంది. ఇంతగా విడిపోయినా, అభావాన్ని అంగీకరించిన ఈ పక్షాలన్నీ ఒక నియమం దగ్గర కలుస్తాయి. కనబడకపోవడమల్లా లేమికి ప్రమాణం కాదు. వస్తువు ఉండి ఉంటే తప్పక కనబడి ఉండేదే అన్న పరిస్థితిలో కనబడకపోవడం మాత్రమే ప్రమాణం. దీన్ని యోగ్యానుపలబ్ధి అంటారు. చీకటి గదిలో కుండ కనబడలేదంటే కుండ లేదని కాదు, చూసేవాడికి వెలుతురు లేదని.

సౌర కేంద్రంలో వాడే ప్రతి పరీక్షా ఈ నియమానికి లోబడినదే. థర్మల్ కెమెరా అమర్చిన డ్రోన్ వరసల మీదుగా ఎగురుతూ వేడిలో తేడాలను చిత్రిస్తుంది. పగిలిన సెల్, చెడిన బైపాస్ డయోడ్, వదులైన కనెక్టర్ పక్కవాటికంటే వేడెక్కి పట్టుబడతాయి. అయితే ప్యానెల్ మీద చదరపు మీటరుకు కనీసం 600 వాట్ల ఎండ పడుతూ, ప్యానెల్ లోడు మీద పని చేస్తున్నప్పుడే ఈ పరీక్ష చెల్లుతుందని అంతర్జాతీయ ప్రమాణం నిర్దేశిస్తుంది. కర్నూలు ప్రాంతంలోని గని, శకునాల గ్రామాల్లో 2017లో వెలసిన 1,000 మెగావాట్ల సౌర పార్కు మీద అంతటి ఎండ ఏడాదిలో ఎక్కువ రోజులు దొరుకుతుంది. బెంగాల్ వానాకాలంలో మబ్బు విడిచే గంట కోసం కాచుకోవలసి వస్తుంది. గడువు ముంచుకొచ్చి మబ్బు కింద డ్రోన్ ఎగరేస్తే చిత్రాలన్నీ మచ్చ లేకుండా, చూడ ముచ్చటగా వస్తాయి. చీకటి గది ఉదాహరణలోని దోషమే ఇక్కడ పట్టపగలు, రంగు చిత్రంతో సహా, నివేదికకెక్కుతుంది.

ఇంతకంటే సూక్ష్మమైనది తేమ వల్ల వచ్చే చిక్కు. కేబుల్ పైతొడుగు ఎక్కడో గీసుకుపోయి ఉంటే, తెల్లవారుజామున మంచు తడికి అక్కడి నుంచి కరెంటు నేలలోకి కారుతుంది. ప్రతి ఉదయం మొదలవబోయే ముందు ఇన్సులేషన్‌ను తనకు తానే కొలుచుకునే ఇన్వర్టర్ లోపముందని ఆగిపోతుంది. ఎండెక్కి తడి ఆరగానే, ఎవరూ ఏమీ చేయకుండానే, మళ్ళీ నడుస్తుంది. పదకొండు గంటలకు వచ్చిన తనిఖీ బృందం అదే కేబుల్‌కు మెగ్గర్ పెట్టి, అంటే ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే పరికరంతో పరీక్షించి, అంతా సవ్యంగా ఉందని రాసుకుంటుంది. ఇందులో అబద్ధమాడినవారు ఎవరూ లేరు. ఉదయం చూసినది ఉన్న లోపం, ఎండెక్కాక చూసినది కనబడని లోపం. రెండో దాన్ని లేని లోపంగా రాయడంలోనే తప్పు జరిగింది.

కేంద్రం పరిమాణం పెరిగేకొద్దీ ఈ తప్పు దాక్కోవడానికి చోటు పెరుగుతుంది. సాగర్ ద్వీపంలోని చిన్న కేంద్రం ఊరి ఇళ్ళకే దీపాలు వెలిగించేది గనుక, ఒక వరస చెడితే ఆ లోటు ఊరికే తెలిసిపోతుంది. 100 మెగావాట్ల కేంద్రంలో, ఒక్కొక్కటి 550 వాట్ల ప్యానెళ్ళు 28 వరసగా కలిపిన గుంపు, పనివారు స్ట్రింగ్ అని పిలిచేది, సుమారు 15.4 కిలోవాట్లు, అటువంటివి 6,500 దాకా ఉంటాయి. ఒక స్ట్రింగ్ పూర్తిగా చచ్చిపోయినా మొత్తం ఉత్పత్తిలో తగ్గేది నూటికి 0.0154 వంతే, పన్నెండు చచ్చినా నూటికి 0.18. విద్యుత్ అమ్మకానికి వాడే మంచి మీటరు తరగతికే నూటికి 0.2 వంతు తేడా అనుమతి ఉంది. కాబట్టి ఉత్పత్తి అంచనాకు తగ్గట్టే వస్తోంది గనుక లోపాలు లేవనే వాదం నిలవదు. ఆ మీటరుకు అటువంటి లోపం ఉంటే చూడగల యోగ్యత లేదు, అందుచేత అది చూడకపోవడానికి విలువా లేదు. స్ట్రింగ్ స్ట్రింగ్‌కూ వోల్టేజీ, కరెంటు విడిగా కొలవమనడంలో ఆంతర్యం ఇదే.

నవ్యన్యాయం ఇంకొక అడుగు ముందుకు వేసి, లేమిని గురించిన ప్రతి వాక్యమూ మూడు సంగతులు చెప్పి తీరాలంటుంది: లేనిది ఏది, అంటే ప్రతియోగి, ఎక్కడ లేదు, అంటే అధికరణం, ఏ మేరకు, ఏ రూపంలో లేదు, అంటే అవచ్ఛేదకం. ఈ మూడూ లేకుండా 'లోపం లేదు' అనడం, కుండ పేరెత్తకుండా, నేల చూపకుండా 'లేదు' అనడమే. అభావ భేదాల్లో ప్రాగభావం, అంటే వస్తువు పుట్టక ముందరి లేమి, ఈ పనిలో డబ్బుతో ముడిపడిన విషయం. రాత్రివేళ ప్యానెల్‌లోకి ఎదురు కరెంటు పంపితే అందులోని సిలికాన్ కంటికి కనబడని పరారుణ కాంతితో వెలుగుతుంది; ప్రత్యేక కెమెరా తీసిన ఆ చిత్రంలో, పగులు వల్ల కరెంటు అందని భాగం నల్లగా ఉంటుంది. చీకటి అనేది ద్రవ్యం కాదు, తేజస్సు లేకపోవడమేనని నైయాయికులు భాట్టులతో, అంటే కుమారిలభట్టు అనుయాయులతో, వాదించినది ఇక్కడ పరికరం మీద కనిపిస్తుంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర తీసిన చిత్రంలో లేని నల్లమచ్చ ప్లాంటులో దింపుకున్నాక తీసిన చిత్రంలో ఉంటే నష్టం రవాణాది. బిగించాకనే కనబడితే, క్లాంపులు బిగించేటప్పుడు ప్యానెల్ మీద మోకాలు ఆనించిన పనితీరుది. పగులు ప్రాగభావం ఏ ఘడియలో ముగిసిందో చెప్పగలిగితేనే బాధ్యత ఎవరిదో చెప్పగలరు.

లక్షా ఎనభై వేల ప్యానెళ్ళను ఒక్కొక్కటిగా ఇలా చిత్రించడం సాధ్యం కాదు గనుక, కొన్నింటిని ఏరి పరీక్షించి అన్నిటి గురించి తీర్పు చెప్పడం ఆచారం. ఇది అనుమానం, అంటే తెలిసిన గుర్తును బట్టి తెలియనిదాన్ని నిశ్చయించే ప్రమాణం. దీనికి పెద్ద శత్రువు ఉపాధి, అంటే పైకి కనబడని అదనపు షరతు: నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందనే మాట తడికట్టె ఉన్నప్పుడే నిజమైనట్టు. ఏరిన ప్యానెళ్ళన్నీ ఒకే లారీలో, మంచి రోడ్డు మీద వచ్చినవై, మిగిలినవి గతుకుల దారిన మరొక గుత్తేదారు దింపించినవైతే, మొదటివాటి క్షేమం రెండోవాటికి వర్తించదు. ఏ పెట్టె, ఏ లారీ, ఏ ముఠా, ఏ వరస అని విడదీసి నమూనాలు ఎంచే తనిఖీదారు చేస్తున్నది ఉపాధి నిరాసమే. దగ్గరగా ఉన్న, నడవడానికి వీలైన వరసల్లోంచి నమూనా తీసుకునేవాడు తన కాళ్ళ సౌఖ్యాన్నే ఉపాధిగా చేర్చుకుంటున్నాడు.

మిగిలిన జ్ఞానమంతా శబ్ద ప్రమాణం, అంటే ఇతరుల మాట మీద ఆధారపడినది. ప్యానెల్ నమూనాను 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 1,000 గంటలు ఉంచి, 25 మిల్లీమీటర్ల మంచు ఉండతో కొట్టి చూసిన ధ్రువపత్రం నిజమే కావచ్చు. అది ప్రయోగశాలకు పంపిన నమూనాల గురించి చెప్పిన నిజం. దాని మీద కొనుగోలుదారు, అతని కాగితం మీద గుత్తేదారు, ఆ ఇద్దరి మీద అప్పిచ్చే బ్యాంకు ఇంజనీరు ఆధారపడితే, సంతకాలు నాలుగైనా చూసిన కన్ను ఒక్కటే అవుతుంది. ఆప్తుడు, అంటే నమ్మదగినవాడు, ఎవరన్న దానికి న్యాయభాష్యంలో వాత్స్యాయనుడు చెప్పిన లక్షణం ఇక్కడ పనికొస్తుంది: విషయాన్ని సాక్షాత్తుగా తెలుసుకుని, తెలిసినది తెలిసినట్టు చెప్పాలన్న కోరికతో మాట్లాడేవాడు ఆప్తుడు, ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఈ లక్షణం సమానం. బోల్టు బిగించి దాని మీద మార్కర్‌తో గీత గీసిన సహాయకుడు, ఆ గీత గీయక ముందే టార్క్ రెంచి నిజంగా వాడినవాడైతే, ఆ బోల్టు విషయంలో అతనే ఆప్తుడు. పది మెట్ల పైనున్న అధికారి కాదు.

ఇంత కట్టడి పెడితే ఏ కేంద్రమూ ఎన్నటికీ గ్రిడ్‌కు కలవదనే ఆక్షేపణకు బలముంది. ప్రతి పరీక్ష యోగ్యతనూ మరొక పరీక్షతో తేల్చాలంటే అనవస్థ, అంటే అంతులేని వెనుకడుగు, తప్పదు. పదవ శతాబ్దంలో ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఇటువంటి ఆక్షేపణకే సమాధానమిచ్చాడు: శంకకు హద్దు ఆచరణలోని వ్యాఘాతం. తాను చేసే పనికే విరుద్ధమయ్యే శంకను ఎవరూ నిజంగా మోయరు. వంటకు నిప్పు రాజేసేవాడు నిప్పు కాలుస్తుందా అని శంకించడు. దీన్ని బట్టి, తనిఖీ శంకలన్నిటినీ తీర్చనక్కర లేదు. ఏ శంకను తీర్చింది, దేన్ని ఏ కారణాన విడిచిపెట్టింది చెప్పాలి. మీమాంసకులు జ్ఞానం స్వతహాగా ప్రమాణమని, బాధకం ఎదురయ్యేదాకా నమ్మవచ్చని అన్నారు; నైయాయికులు ఆ ప్రామాణ్యం వేరే ఆధారంతో, ముఖ్యంగా సఫలమైన ప్రవృత్తితో తేలాలన్నారు. కేంద్రం రోజువారీ నడకకు మొదటి పద్ధతి చాలు, అలారం మోగేదాకా తెర మీది అంకెలను నమ్మి తీరాలి. తొలిసారి కరెంటు పంపే రోజు రెండో పద్ధతే శరణ్యం.

భక్తుడి పక్షం నుంచి మరొక ప్రశ్న మిగిలే ఉంటుంది. సూర్యుణ్ణి కర్మసాక్షి అనడం తెలుగువారికి అలవాటు. అన్నీ చూసే సాక్షి ఒకడున్నాడన్న నమ్మకం తనిఖీదారు భారాన్ని తగ్గిస్తుందా? తగ్గించదు సరికదా పెంచుతుంది. దైవసాక్షికి చూపులో మరుగు లేదు గనుక యోగ్యత అనే షరతు వర్తించదు. మనిషి సాక్షి మాత్రం ఎండ, గంట, పరికరం, ఓపిక అన్న హద్దుల్లోనే చూస్తాడు, ఆ హద్దులు దాచితే దేవుడి చూపును తనదిగా చెప్పుకున్నట్టవుతుంది. భాద్రపద మాసాంతాన కోల్‌కతా కార్ఖానాలన్నీ విశ్వకర్మ పూజలో పనిముట్లను కొలుస్తాయి, తెలుగు నేలలో దసరాకు ఆయుధపూజ జరుగుతుంది. పసుపు కుంకుమలు దిద్దిన మెగ్గర్‌కు కాలిబ్రేషన్ గడువు దాటిపోయి ఉంటే ఆ పూజ సగమే. పరికరానికి చూసే యోగ్యత నిలబెట్టడమే రెండో సగం.

ఈ విచారం నుంచి తేలే ఆచరణ సూత్రం చిన్నదే. తనిఖీ నివేదికలో 'లోపం లేదు' అన్న ఒకే గడి చోట మూడు గడులుండాలి: ఉంటే కనబడేటట్టు చూసి, లేదని తేల్చినవి; చూసినా, ఎండ చాలకో, తడి ఆరిపోయో, పరికరం స్థాయి చాలకో, కనబడకపోవడానికి విలువ లేనివి; అసలు చూడనివి. రెండో, మూడో గడులు ఖాళీగా ఉన్న నివేదికను శంకించడం న్యాయమే, ఎందుకంటే ఏ మానవ తనిఖీలోనూ అవి ఖాళీగా ఉండవు. ఆ గడులు నింపినందువల్ల ధ్రువపత్రం బలహీనపడుతుందని గుత్తేదారు, గడువు దాటుతుందని యజమాని అభ్యంతరం చెప్పవచ్చు. అయితే మొదటి గడిలోని మాటను పాతికేళ్ళపాటు నమ్మడానికి అప్పిచ్చినవారికీ, ఆ కేబుళ్ళ మధ్య రోజూ నడిచే పనివారికీ ఉన్న ఆధారం మిగిలిన రెండు గడుల్లోని నిజాయితీయే.